ఏ అరలోనూ ఇమడని వాలబీ

మా మ్యూజియంలో పళ్ళ మాస్టారు పళ్ళు చూడందే ఎవరినీ, దేన్నీ నమ్మేవారు కాదు. జంతువుల పుర్రెలను జాతులవారీగా సర్దడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు మనుషులదాకా పాకింది. కొత్త వాచ్‌మన్ వచ్చి నమస్కారం పెడితే, "ఏదీ, నోరు తెరువు" అన్నారు. అతను తెరిచాడు. "నిద్రలో పళ్ళు కొరుకుతున్నావు. ఇంట్లో గొడవా?" ఆ వాచ్‌మన్ మళ్ళీ ఆయన ముందు నోరు విప్పితే ఒట్టు.

చీటీలు రాయడానికి నన్ను ఆయన దగ్గర వేశారు. కంగారూల అలమర సర్దేదాకానే నా పని. ఏడాది నిండితే పర్మనెంట్ చేయాలని రూలు, ఈలోపే పని అయిపోతే ఇంటికి పంపాలనీ రూలు. మా ఇంటికి నా జీతమే ఆధారం. అలమరలో ఉన్నవి చూస్తే నలభై పుర్రెలు. మూడు నెలలు తిరగకుండానే ముప్పై తొమ్మిది అరల్లోకి చేరిపోయాయి. ఆ చివరిదీ అరెక్కితే నేను ఇంటికే.

నలభయ్యోది చిత్తడి నేలల్లో తిరిగే వాలబీ, కంగారూకి చిన్న చుట్టం.

"వాలబీల అరలో పెట్టేదా మాస్టారూ?"

"దీని తిండి వేరు, పళ్ళ తీరు వేరు. వేరే అర."

చీటీ రాశాను. మర్నాడు, "జన్యుపరీక్షల్లో వాలబీలకే దగ్గరని తేలిందట. మార్చు" అన్నారు. మార్చాను. ఆ మర్నాడు, "ఉండు, ఇంకోసారి పన్ను చూడాలి." ఇలా నెలల తరబడి నడిచింది. నా ఉద్యోగం నిలబడ్డది ఆయన చాదస్తం వల్లేనని తెలిసి కూడా, రాసిన చీటీ మళ్ళీ రాస్తుంటే ఒళ్ళు మండేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏదో ఒకటి తేల్చండి మాస్టారూ!" అనేశాను.

"నీకేం తొందరమ్మాయ్?" అన్నారు, వింతగా చూస్తూ.

పన్నెండో నెలలో డైరెక్టర్ గారు ఊడిపడ్డారు. "పెద్దదైతే కంగారూ, చిన్నదైతే వాలబీ. దీనికింత రాద్ధాంతమా?"

"మీ అబ్బాయి మీకంటే జానెడు పొడుగు. అతను కంగారూ, మీరు వాలబీనా?"

"అయ్యా..."

"వీటి ముత్తాతలు చెట్లమీద బతికేవి. నేలకు దిగి గెంతడం నేర్చాయి. వాటిలో కొన్ని మళ్ళీ చెట్టెక్కాయి. వాటికి కోట్ల ఏళ్ళు పడితే తప్పులేదుగానీ, నాకు ఏడాది పట్టకూడదా?"

"నెలాఖరుకి తేలాలి. అంతే!"

నెలాఖరు తర్వాత ఐదో రోజుకి నాకు ఏడాది. నెల చివరి రోజు మాస్టారు రాలేదు. పుర్రె కూడా లేదు. డైరెక్టర్ గారు ఫోన్ చేశారు.

"పుర్రె ఏదండీ?"

"నా దగ్గర భద్రంగా ఉంది. ఆరు రోజులు సెలవు. పంటి నొప్పి."

పళ్ళ మాస్టారికే పంటి నొప్పని ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నేనూ నవ్వాను.

ఏడో రోజు పొద్దున నా బల్లమీద పర్మనెంట్ ఆర్డరు ఉంది. మాస్టారు అన్నం సంచీలోంచి పుర్రె తీసి, నేను మొట్టమొదట అడిగిన వాలబీల అరలోనే పెట్టేసి చేతులు దులుపుకున్నారు.

"పన్ను చూడరా మాస్టారూ?"

"నువ్వొచ్చిన వారమే చూశానుగా."

అప్పటికిగానీ నా బుర్రకెక్కలేదు. ఇన్నాళ్ళూ ఈ మహానుభావుణ్ణా నేను తిట్టుకున్నది! సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆయనకు ఏడుపులంటే పడదని తెలిసి, గొంతు సవరించుకుని, "నొప్పి ఎలా ఉంది మాస్టారూ?" అన్నాను.

"అబ్బో, ఇంకా సలుపుతోంది" అంటూ ఎడమ దవడ పట్టుకున్నారు.

సాయంత్రం డైరెక్టర్ గారు అడిగేసరికి ఆ నొప్పి కుడి దవడకు మారింది.