గోడ ఇవతలి కేక

విజిల్ మావయ్యకి మెడలో విజిల్ ఉద్యోగంతోనే పోయింది గానీ, పేరు మాత్రం పోలేదు. పోలీసు కుక్కలకి శిక్షణ ఇచ్చేవాడు. ఆఖరిది మిరియం, నల్లటి ఆడకుక్క. బాంబుల వాసన పసిగట్టేది. ఎవడైనా విషం పెడతాడేమోనని, తను దగ్గరుండి "కానీయ్ తల్లీ" అంటే తప్ప గిన్నెలో మూతి పెట్టకుండా పెంచాడు దాన్ని. ఆ జాగ్రత్తే ఇప్పుడు దాని ప్రాణం మీదికొచ్చింది.

ఇద్దరూ ఒకేసారి రిటైరయ్యారు. ఆయన ఇంటికొచ్చాడు. అది రాలేదు. నిబంధనల ప్రకారం అది ప్రభుత్వ సామానట. విరిగిన కుర్చీలతో పాటు దాన్నీ పనికిరాని సరుకు కింద జమకట్టి పోలీసు ఆఫీసు వెనక షెడ్డులో కట్టేశారు. కుర్చీకి ఆకలెయ్యదు, మిరియానికి వేస్తుంది. ఆ మాత్రం తేడా తెలియడానికి చట్టం కావాలి వీళ్లకి!

ఇన్నాళ్లూ గేటు కాపలావాడు మావయ్యని రెండు పూటలా చాటుగా లోపలికి పంపేవాడు. మొన్న కొత్త అధికారి వచ్చి, బయటివాళ్లు అడుగు పెట్టకూడదన్నాడు. కాపలావాడు మావయ్య గొంతు ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాడు. మిరియం లేచి, ఫోను వాసన చూసి, దాని వెనకాల మనిషి కోసం వెతికి, లేడని తేల్చుకుని పడుకుంది. గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఇలాంటి కుక్కల్ని పెంచినవాళ్లే ఇంటికి తీసుకెళ్లొచ్చన్న బిల్లు ఇవాళ శాసనసభ ముందుకొస్తుందన్నారు. పొద్దున్నే అత్తయ్య వాషింగ్ మెషిన్ పక్కన పాత దుప్పటి మడతేసి పరిచింది.

"నాకెప్పుడైనా ఇంత ముద్దుగా పక్క వేశావా?" అన్నాడు మావయ్య.

"మీరూ ఓ బాంబు పట్టుకురండి, వేస్తాను."

సెలూన్‌లో టీవీ ముందు కూర్చున్నాడు. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప నిండా నురగ. బిల్లు పేరు చదవగానే ఒక సభ్యుడు లేచి, "కుక్కలకీ రిటైర్మెంటేనా అధ్యక్షా? రేపు పెన్షన్ కూడా అడుగుతాయి!" అన్నాడు. సభంతా ఘొల్లుమంది. వాళ్లు కూర్చునే ముందు ఆ హాల్లో ప్రతి కుర్చీ కిందా మూతి దూర్చి వెతికింది ఏళ్ల తరబడి మిరియమే. ఆ కుక్క మీదే పళ్లికిలించి, బిల్లుని వచ్చే సమావేశాలకి నెట్టేసి, భోజనాలకి లేచారు పెద్దమనుషులు.

"మామా, ఇంకో చెంప!" అని సెలూన్‌వాడు అరిచేసరికే మావయ్య మెడలో తువ్వాలుతో వీధిలో పడ్డాడు.

గేటు దగ్గర కాపలావాడు చేతులు జోడించాడు. "బాబాయ్, నా ఉద్యోగం ఊడుతుంది."

"నిన్ను తెరవమన్నదెవర్రా? గిన్నె పెట్టావా?"

"పెట్టాను. మొన్నటినుంచీ ముట్టలేదు."

మావయ్య వెనక సందులోకి వెళ్లి, షెడ్డు గోడకేసి తిరిగి నిలబడి అరిచాడు.

"కానీయ్ తల్లీ!"

చప్పుడు లేదు. మళ్లీ అరిచాడు. మిరియానికి ఫోనుకీ మనిషికీ తేడా తెలుసు. గోడ అవతల గొలుసు కదిలింది. ఆ వెంటనే స్టీలు గిన్నె నేల మీద గరగరా జరిగింది. ఆబగా తినేటప్పుడు గిన్నెని గోడదాకా నెట్టుకుపోవడం దాని అలవాటు.

పై కిటికీలోంచి అధికారి తల బయటపెట్టాడు. "ఎవడయ్యా అది, ఆఫీసు వేళ?"

"మీ సామానుకి ఆకలేసింది సార్. తినమని చెప్తున్నా."

"బిల్లు పాసయ్యాక రావయ్యా!"

"అప్పటిదాకా రోజూ రెండు పూటలా వస్తా. సందు మీ షెడ్డులోది కాదుగా?" మావయ్య చెంప మీద నురగ ఎండిపోయి పెచ్చులుగా రాలుతోంది. "సాయంత్రం చెవుల్లో దూది పెట్టుకోండి. ఇంకా గట్టిగా అరుస్తా."