మామిడికాయ ముట్టని దూలయ్య

రెండువేల ఆరు వేసవి, మధ్యాహ్నం రెండయింది. భద్రాచలంలో సలీం పరుపుల దుకాణం వెనక రేకులు పెనంలా కాలుతున్నాయి. పొద్దున్నుంచి దూది ఏకుతున్న దూలయ్య కడుపు కరకరలాడుతోంది. ఎదురుగా తోటి పనివాడు వీరబాబు మామిడికాయ పప్పు కలుపుకుంటున్నాడు. దూలయ్య గిన్నెలో ఉన్నది ఉత్త అన్నం, ఉప్పు, మిరపకాయ.

“ఇవాళ కూడా అంతేనా దూలన్నా? మీ పండగయ్యేసరికి మాకు టెంకలే మిగుల్తాయి,” అని మధిర నుంచి వచ్చిన వీరబాబు నవ్వాడు.

దూలయ్యది రాష్ట్ర సరిహద్దు దాటి, కుంట అవతల అడవిలో కోయ ఊరు. పూజారి పండుగ చేసి తొలి కాయ ఊరి అమ్మతల్లికి పెట్టేదాకా అక్కడ ఎవరూ మామిడి ముట్టరు. ఏటా సంతకొచ్చినవాళ్లు పండుగ కబురు చెప్పేవారు. ఈసారి పోలీసులు, దళాల గొడవలకు భయపడి ఊరు చెల్లాచెదురైంది. పూజారి ఎక్కడున్నాడో కూడా తెలియదు.

“ఊరే లేకపాయె, పండుగెవరు జేస్తరు?” అన్నాడు సలీం. “జల్దీ తిను. పెండ్లి పరుపులు ఇయ్యాలె.”

“ఊరు లేదని ఎవరన్నరు సేటూ?” దూలయ్య చేతిలో ముద్ద గిన్నెలో పడేశాడు. “మీ రోజా ఉపాసాలప్పుడు చాయ్ తాగాల్నంటే గోదారి కట్ట దాకా పోయొస్త. మీ ముందట నీళ్లన్న తాగిన్నా? నాదే నవ్వులాట అయింది!”

వీరబాబు పప్పు గిన్నె కాస్త పక్కకు జరిపాడు.

మర్నాడు సలీం భార్య ఫజిలత్ వేడి వేడి పప్పు తెచ్చి దూలయ్య అన్నంలో వేసింది. “ఉత్త అన్నం తిని ఏకితే పడిపోతవ్ అన్నా. తిను.”

మొదటి ముద్ద మింగాక తెలిసింది. అది చింతపండు పులుపు కాదు.

“ఇందుల మామిడి ఏసినవా చెల్లే?”

“ముక్కలు తీసేసిన గదా. ఎన్ని రోజులు ఎండుతవ్?”

ఆమె గొంతులో ఉన్నది నిజమైన జాలే. దాంతో తిట్టడానికి కూడా లేకుండా పోయింది. దూలయ్య చేయి కడుక్కుని, మొదలుపెట్టిన పరుపు కుట్టడం ముగించాడు. తప్పు జరిగితే పూజారి ముందు ఒప్పుకుని కోడిని కోయాలి. అప్పటిదాకా ఊరివాళ్లతో కలిసి కూర్చుని తినడానికి లేదు. ఆ పూజారిని ఇప్పుడు ఏ అడవిలో వెతకాలి?

తెల్లారి మసీదు నుంచి వస్తున్న సలీంకు బస్టాండు దగ్గర దూలయ్య కనిపించాడు.

“ఎటు పోతున్నవ్ దూలయ్యా? ఫజిలత్ రాత్రంతా ఏడ్చింది. చెప్పన్న చెప్పు!”

దూలయ్య అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత చంకలో కాళ్లు కట్టిన కోడిని సర్దుకుని కుంట బస్సెక్కాడు.