అతుకులక్క పెట్టిన పరీక్ష

మ్యూజియంలో పగిలిన పాత కుండలు అతికించే ఆవిణ్ని అందరూ అతుకులక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలకదు.

ఆవిడ పనితనమంతా ఒక పొడుగుమెడ కుండలో ఉందని చెప్పుకునేవారు. పెంకుల కుప్పలో మెడ దొరికింది, కడుపు దొరికింది, మధ్యలో వేలెడు ముక్క దొరకలేదు. అక్కడ ప్లాస్టరు నింపి, రంగు కలిపి, ఒకే కుండగా నిలబెట్టింది. చుట్టాలొస్తే కూతురి పెళ్లి ఫొటోల కన్నా ముందు దాని ఫొటో చూపించేది. ఇప్పుడు కొత్త హాల్లో గుమ్మానికెదురుగా దాన్నే పెట్టబోతున్నారు.

కింద పరీక్షల గదిలో కొత్తగా చేరిన కెమిస్టు ఆవిడ చెల్లెలి కూతురే. కుండ ఏ మట్టిదో మిషనులో పెట్టి తేల్చడానికి రవ్వంత పొడి కావాలంది. అక్క ససేమిరా అంది. పిల్ల గోటి మీద ఆవగింజ పెట్టి, ఇందులో సగం చాలు, అదీ అడుగు నుంచి గీకుతానంది. అక్క మెత్తబడింది. మెత్తబడి ఊరుకుంటేనా? మెడలోంచి కూడా తియ్యమంది. రెండూ ఒకటేనని చెప్పకపోతే నీ మిషనుకే జబ్బు అని వేళాకోళమాడింది.

మిషను రెండూ ఒకటని చెప్పలేదు. తెర మీద ఒక గీత కొండలా లేచిన చోట రెండోది నేలబారుగా పడుకుంది. మళ్లీ పొడి తీసి చూసినా అదే వరస.

"గీకే కత్తి సరిగా కడగలేదేమోనే."

"కడిగాను పెద్దమ్మా."

"ఆ కాలంవాళ్లే మెడ వేరే మట్టితో చేశారేమో."

పిల్ల తలెత్తలేదు. "కడుపు పైన మెడ మొదలు కాస్త మిగిలింది కదా, అదీ చూశాను. అది కడుపు మట్టే. ఈ మెడ ఇంకో కుండది."

అక్క కుండ వైపు చూడలేక తన చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. పైఅధికారి నెమ్మదస్తుడు. చూసేవాళ్లకేం తెలుస్తుంది, నిలబడ్డదాన్ని పడగొట్టడమెందుకు అన్నాడు. అక్క సన్న రంపం తెచ్చి తన ప్లాస్టరు తానే కోసింది. మెడ చేతిలోకి ఊడి వచ్చింది.

అప్పుడు తలెత్తి అరల వైపు చూసింది. వరసగా కుండలు, అన్నీ ఆవిడ అతుకులే.

"అమ్మడూ, వాటి మెడల్లోంచి కూడా పొడి తియ్యవే."

"అన్నిట్లోంచీనా పెద్దమ్మా?"

అక్క అప్పటికే స్టూలెక్కి మొదటి కుండ దింపుతోంది.