నిమ్మకాయల వరకు సడలించిన సమ్మె

ఉప్పిట్టులో, అంటే ఉప్మాలో, ఎండుమిరపకాయను రవ్వ కింద దాచే వంటవాళ్ళంటే నాకిప్పటికీ గిట్టదు. పైకి కనిపించేలా వేస్తే వాళ్ళ సొమ్మేం పోతుందో తెలియదు. చిక్కబళ్ళాపురం హోటల్లో అలాంటి మిరపకాయ ఒకటి నా గొంతులో అడ్డం పడ్డ సమయానికే మా చిన్నాయన, "బి.ఏ. అయిపాయె, ఊరికే తిరుగుతాండావు. మోటారు కార్మికుల సంఘంలో పని నేర్చుకుంటావా?" అని అడిగాడు. నేను కళ్ళనీళ్ళతో తల ఊపాను. కార్మికులంటే నాకింత ప్రేమ ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. మర్నాడే చేర్పించాడు.

సంఘమంటే సైకిలు షాపు మీద ఒక గది, అందులో ఒక కార్యదర్శి. ఆయన ఒకప్పుడు డ్రైవరు. చూపు మందగించాక బస్సు మానేసి సంఘాన్ని నడుపుతున్నాడు. బాగానే నడిపాడు. ఆయన పుణ్యాన బస్సుల వాళ్ళకు వారానికొక సెలవు, ఏడాదికి రెండు జతల ఖాకీ బట్టలు వచ్చాయి. అంతకుముందు జ్వరమొచ్చినా బండెక్కవలసిందే. నా పని ఆయన చెప్పింది రాయడం, చెప్పనిది రాయకపోవడం. రెండోదే కష్టంగా ఉండేది.

అరవైల మొదట్లో ఒక బాగేపల్లి సావుకారు తన బస్సు కండక్టరును పనిలోంచి తీసేశాడు. నేరం, సావుకారు మామగారిని టికెట్టు అడగడం. కండక్టరుకు కొత్తగా పెళ్ళయింది. సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ ఖాకీ తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని మా గదికొచ్చి కూర్చునేవాడు. అతన్ని తిరిగి తీసుకోవాలని సంఘం సమ్మె ప్రకటించింది. సావుకారు బస్సులన్నీ చిక్కబళ్ళాపురం షెడ్డులో నిలిచాయి. సావుకారు మాత్రం చలించలేదు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది.

"పూజ లేకుంటే బండి యాడన్నా బోల్తా పడ్తాదప్పా," అన్నాడు సావుకారు బస్సులు నడిపే పెద్ద డ్రైవరు.

"నిలిచిన బండి ఎట్ల బోల్తా పడ్తాది?" అన్నాడు కార్యదర్శి.

"స్ట్రైకు అయిపోయినంక పడ్తాది."

కార్యదర్శికి ఒప్పుకోక తప్పలేదు. బండి కడిగి, పూలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఊళ్ళో ఒక చుట్టు తిప్పితేనే పూజ అయినట్టు. "నిమ్మకాయల వరకు సమ్మె సడలించడమైనది" అని తీర్మానం రాశాను. నా డిగ్రీకి అదే మొదటి ఉపయోగం.

పర్యవేక్షణ కోసమని కార్యదర్శీ నేనూ కూడా బస్సెక్కాం. మెడలో ఈలతో కండక్టరూ మా వెనకే ఎక్కాడు. నిమ్మకాయలు నలిగాయి. చుట్టు తిరుగుతూ బస్టాండు దగ్గరికి రాగానే, రోజుల తరబడి కాచుకున్న జనం మూటలతో ఎగబడ్డారు.

"దిగండప్పా, స్ట్రైకు!" అని కార్యదర్శి అరిచాడు.

చంకలో కోడిపెట్టతో ఒక అవ్వ అప్పటికే కూర్చునేసింది. "స్ట్రైకైతే బండికి పూలెందుకప్పా?"

ఆ తొక్కిసలాట చూసి కండక్టరు ఊరుకోలేకపోయాడు. "ముందుకు జరగండప్పా, లోపల జాగా ఉండాది!" అంటూ ఈల ఊదాడు. ఈల వినపడితే పెద్ద డ్రైవరు కాలు ఆయన్ను అడగదు. బస్సు బాగేపల్లి దారి పట్టింది. దారిలో పేరేసంద్ర చేరేదాకా సమ్మె ఎవరికీ గుర్తు రాలేదు.

"ఏమప్పా, స్ట్రైకు చేస్తాండామా, బస్సు నడుపుతాండామా?" అన్నాడు కార్యదర్శి.

"రెండూ," అన్నాడు డ్రైవరు.

పేరేసంద్రలో పట్టుపంచె కట్టుకుని ఒక పెద్దాయన చెయ్యెత్తి బస్సాపాడు. సావుకారు మామగారే. అల్లుడింటికి పండగ భోజనానికి బయలుదేరాడు. ఆయన ఎక్కి కూర్చున్నాక పెద్ద డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఈ పిల్లోణ్ణి మళ్ళీ పన్లోకి తీసుకునేదాకా బండి కదల్దు పెద్దాయనా."

కండక్టరు ఈల పట్టుకుని నిలబడ్డాడు. ఊదలేదు.

"నేను చెప్తే అల్లుడు వింటాడా?" అన్నాడు పెద్దాయన.

"అల్లుడు వినకుంటే పోనీ, నీ బిడ్డ వింటాది గదా?" అంది అవ్వ.

పెద్దాయన ఎండ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "సరేప్పా, తీసుకుంటాడు. నాది మాట. బండి పోనీండి, ఆడ ఒబ్బట్లు ఆరిపోతాండాయి."

ఆయన మాట నిలబెట్టుకున్నాడు, కండక్టరు ఆ వారమే పనిలో చేరాడు. ఆ సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఈల మోగి బస్సు కదలగానే కార్యదర్శి కడ్డీ పట్టుకుని లేచి, కార్మికుల ఐక్యత ఏం సాధిస్తుందో ప్రయాణికులకు వివరించసాగాడు. అవ్వ కోడిని ఇంకో చంకలోకి మార్చుకుని కాసేపు విన్నది.

"ఇన్ని దినాలు మమ్మల్నందర్నీ రోడ్డు మీద నిలబెట్టేదానికి బదులు, మొదట్నే ఈ పెద్దాయనొక్కణ్ణి నిలబెట్టుంటే సరిపోయ్యేది గదప్పా?"