కానుక అని రాసిన గడియారం

1994 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, చిక్కడపల్లిలోని మా దినపత్రిక కార్యాలయంలో, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఒక ఉత్తరాన్ని నేను పైకి చదవాల్సి వచ్చింది. మంచి కాగితం, మర్యాదైన ఇంగ్లీషు. 'మీరు అభిమానంతో పంపిన కానుక అందింది. మా కంపెనీ పాత గడియారం అంత దూరం నుంచి తిరిగి రావడం మాకెంతో సంతోషం. దాన్ని బాగుచేసి ఇక్కడి అంధ విద్యార్థుల పాఠశాలకు అందజేశాం. మీ పెద్ద మనసుకు కృతజ్ఞతలు' అని ఉంది.

ఆ ఉత్తరం తెచ్చిన మనిషి కానుకేమీ పంపలేదు. గడియారాన్ని రిపేరుకు పంపాడు.

"ఇంకోసారి చదువుండ్రి సార్," అన్నాడాయన.

చదివాను.

"అంటే, ఎవరికో ఇచ్చేసిన్రా?"

"ఇచ్చేశారండీ."

"మమ్మల్ని అడగకుండనే మాతోని దానం చేయించిన్రు," అన్నది పక్కన కూర్చున్న ఆయన భార్య లక్ష్మి.

ఆయన పేరు యాదగిరి. వయొలిన్ మాస్టారు. పుట్టుకతోనే చూపు లేదు. నారాయణగూడలో నాలుగిళ్లకు, అడిక్‌మెట్‌లో రెండిళ్లకు చేతికర్రతో ఒక్కడే వెళ్లి పాఠం చెప్పి వచ్చేవాడు. అప్పట్లో నేను మా పత్రికలో పాఠకుల సమస్యల శీర్షిక చూసేవాణ్ణి. నీళ్లు రాని వీధి, ఆగిపోయిన పింఛను, పేరు తప్పు పడిన సర్టిఫికెట్, ఇలాంటివన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. సంబంధిత ఆఫీసుకు రాయడం, జవాబు రాకపోతే రిమైండర్, అంటే గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం, పంపడం నా పని. గడియారం కేసు అదొక్కటే వచ్చింది.

అది చూపు లేనివారి కోసం చేసిన గడియారం. అద్దం మూతలాగా లేస్తుంది. లోపల ముళ్లు మామూలువాటికన్నా గట్టిగా ఉంటాయి, అంకెల చోట చిన్న బుడిపెలు. వేలితో తడిమి టైము తెలుసుకోవాలి. యాదగిరి గారి గురువుకీ చూపు లేదు. ఆయన ముప్పై ఏళ్లు తడిమి, శిష్యుడి చేతికిచ్చి పోయాడు. శిష్యుడు ఇంకో పద్దెనిమిదేళ్లు తడిమాడు. చివరికి నిమిషాల ముల్లును పట్టి ఉంచే సన్నటి గొట్టం, దాన్ని పనివాళ్లు క్యానన్ పీనియన్ అంటారు, అరిగి వదులైపోయింది.

"నేను ముట్టుకుంటే ముల్లు జారుతది సార్. ఏడున్నర అయిందా అని చూసుకుంటే, చూసినందుకే ఏడు నలభై అయితది," అన్నాడాయన.

"పాఠం చెప్పే ఇంట్లో పిల్లల్ని అడగొచ్చు కదండీ?"

"పిల్లలను అడిగితే ఎప్పుడైనా టైం అయిపోయిందనే చెప్తరు." నవ్వాడు. "ఒక ఇంట్ల ఆలస్యమైతే తర్వాతి ఇంటికి ఆలస్యం. ఎవరూ ఏమనరు సార్. వచ్చే నెల నుంచి వద్దంటరు, అంతే. ఇప్పటికి రెండిళ్లు పోయినయి."

నారాయణగూడలో గడియారాలు బాగుచేసే సత్తయ్య ఆ గొట్టాన్ని రెండుసార్లు నొక్కి బిగించాడు. మూడోసారి నొక్కితే విరుగుతుందని చెప్పి, గడియారం డబ్బా మీదున్న కంపెనీ చిరునామా పట్టుకుని పార్సెల్ కట్టించాడు. ఏం బాగుచేయాలో రాసిన ఉత్తరం లోపల పెట్టారు. పార్సెల్‌లో ఉత్తరం ఉండకూడదని ఎవరో చెబితే తీసి విడిగా పోస్టు చేశారు. లక్ష్మి ఆ డబ్బాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొత్త జాకెట్టు గుడ్డలో చుట్టింది. దూరం పోయే వస్తువును ఉత్తగా పంపడానికి ఆమెకు చేతులు రాలేదు. ఇక పార్సెల్‌తో పాటు నింపే కస్టమ్స్ ఫారంలో, లోపల ఉన్నదేమిటన్న చోట, 'గిఫ్ట్' అని రాశారు.

బొట్టు పెట్టి, కొత్త గుడ్డ చుట్టి, గిఫ్ట్ అని రాసి పంపినదాన్ని విప్పినవాళ్లు ఏమనుకుంటారు?

"గిఫ్ట్ అని ఎందుకు రాశారండీ? ఎవరు చెప్పారు?" అన్నాను. నా గొంతులో కొంచెం విసుగు ఉండే ఉంటుంది.

లక్ష్మి సంచిలోంచి మడత పెట్టిన పేపర్ కటింగ్ తీసి నా ముందు పెట్టింది. "మీ పేపర్లనే వచ్చింది సార్. సత్తయ్యన్న దాచిపెట్టిండు."

అది నా శీర్షికే. దుబాయ్‌లో ఉన్న అన్న పంపే బట్టల గురించి అంతకు కొన్ని నెలల ముందు ఒక పాఠకుడు అడిగితే, 'పార్సెల్ మీద గిఫ్ట్ అని రాయిస్తే ఇబ్బంది తక్కువ' అని జవాబిచ్చాను. బయటి నుంచి వచ్చే బట్టల సంగతి అది. ఆ మాట అక్కడ రాయలేదు. రెండు పంక్తులు మిగుల్చుకుని ఇంకో పాఠకుడి ప్రశ్న ఇరికించాను.

"ఇది రాసింది నేనేనండీ," అన్నాను.

"తెలుసు సార్. అందుకే మీ దగ్గరికొచ్చినం," అన్నాడు యాదగిరి గారు. ఎత్తిపొడుపు ఉందేమోనని చూశాను. లేదు.

ఆ సాయంత్రమే కంపెనీకి జరిగినదంతా రాశాను. ఆరు వారాలకు జవాబొచ్చింది. విడిగా పోస్టు చేసిన ఉత్తరం పార్సెల్ తర్వాత నెలకు చేరి, కంపెనీలో వేరే విభాగంలో పడి ఉందట. గడియారం పాఠశాలలో ఒక అమ్మాయికి ఇచ్చారు, ఆమె చదువు ముగించుకుని దాంతోనే వెళ్లిపోయింది. అడిగి వెనక్కి తెప్పించమంటే ప్రయత్నిస్తాం, లేదా ఇప్పటి మోడల్ కొత్తది పంపుతాం, ఏదో ఒకటి రాసి తెలపండి అన్నారు. ఇద్దరినీ పిలిపించి ఆ జవాబు చదివి వినిపించాను.

"ఈయన గురువుగారిది! అదే ఇప్పియ్యమని రాయుండ్రి సార్," అన్నది లక్ష్మి.

యాదగిరి గారు బొటనవేలితో చూపుడువేలి కొన రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఆ పిల్లకు గూడ కండ్లు లేవు గదనే. చేతిలకెళ్లి గుంజుకుంటమా?" అన్నాడు భార్యతో. తర్వాత నా వైపు తిరిగాడు. "కొత్తది పంపమనుండ్రి సార్. నా క్లాసులు ఆగుతయా? ఒక్క మాట మాత్రం రాయుండ్రి. ఆ పిల్లను అడగమనుండ్రి, ముట్టుకుంటే ముల్లు జారుతున్నదా అని. గొట్టం మార్చిన్రో, ఉత్తగ తుడిచి ఇచ్చిన్రో. జారితే ఆ పిల్ల గూడ నా లెక్కనే పరేషాన్ అయితది."

అలాగే రాశాను. కొత్త గడియారం కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకుని వచ్చింది. పోయిన రెండిళ్లలో ఒకటి మళ్లీ పిలిచింది. నేను నా శీర్షికలో సవరణ వేశాను. రిపేరుకు విదేశం పంపేవారు ముందు కంపెనీ ఒప్పుకోలు రాతలో తెప్పించుకోవాలని, ఫారంలో 'రిపేరు చేసి తిప్పి పంపడానికి' అని స్పష్టంగా రాయాలని, గిఫ్ట్ అని ఎన్నడూ రాయవద్దని. ఈసారి ఇంకో ప్రశ్నను పక్కన పెట్టి, పది పంక్తులు వాడాను. అప్పటి నుంచి ఏ జవాబు రాసినా, ఇది ఎవరికి వర్తించదో కూడా రాయడం అలవాటు చేసుకున్నాను.

ముల్లు సంగతికి మాత్రం కంపెనీ జవాబివ్వలేదు. రెండు రిమైండర్లు పంపాను. మూడోదానికీ జవాబు లేకపోతే ఫైలు మూసేయడం మా ఆఫీసు పద్ధతి. అందుకే మూడోది నేను పంపలేదు.