నీలవేణి దుంకని లొద్ది

ఆరు పది బస్సు కోసం నేను ఐదున్నరకే కరీంనగర్ బస్టాండుకు వచ్చి నిలబడితె, మా సారు ఆరు దాటినంక తాపీగ వచ్చిండ్రు. మెడల మఫ్లరు, నెత్తిమీద టోపీ, కండ్లకు నల్లద్దాలు. అక్టోబరు నెల. చలి ఇంక మొదలు కాలే, పొద్దు ఇంక పొడవలే.

"ఏంది సార్, గీ వేషం?" అని అడిగిన.

"దుమ్ము" అన్నరు సారు. రాత్రి పడ్డ వానకు బస్టాండ్ల దుమ్ము అనేదే లేదు.

నా పేరు నస్రీన్. కరీంనగర్ల తెలుగు టీచర్ని. రాజలింగం సారు నాకు పదో తరగతిల తెలుగు చెప్పిండ్రు. ఆయన పదకొండు నవలలు రాసిండ్రు. అండ్ల మొదటి మూడు, కొత్తగ నౌకరి దొరికి జైనూర్ దిక్కు ఒక లొద్దిల పంతులుగ ఉన్నప్పటి సంగతులతోని రాసినయి. లొద్ది అంటె గుట్టల నడుమ లోయ. ఆ మూడిట్ల కూడ జనం యాదికి పెట్టుకున్నది ఒక్క 'నీలి లొద్ది'నే. నీలవేణి అనే ఆమె మొగడు తాగి కొడుతుంటె, ఊరికొచ్చిన పడుచు పంతులు మీద మనసు పెట్టుకుంటది. పంతులుకు బదిలీ అయితది. ఆమె బండ మీదికెళ్లి వాగుల దుంకుతది. తర్వాత రాసిన ఎనిమిది నవలల్ల ఎవరూ దుంకలే, ఎవరూ కొనలే.

ఇప్పుడు హైదరాబాద్ల ఒకాయన ఆ మూడు నవలలు కలిపి ఒక్క పుస్తకంగ వేస్తుండు. ముందుమాట నన్ను రాయుమన్నడు, లొద్ది ఫొటోలు కూడ తెమ్మన్నడు. చూడకుంట ఎట్ల రాయాలె అంటె, "నేను రాసిన గదా, చదువుకో, సాలదా?" అన్నరు సారు. నేను వదల్లే. ఒకసారి మోకాలు నొప్పి అన్నరు. ఒకసారి షుగర్ అన్నరు. ఒకసారి ఇంటికి చుట్టాలు వస్తుండ్రన్నరు, ఆ చుట్టాలు ఇంతవరకు రాలే. దసరా సెలవుల్ల వాళ్ల ఇంటికే పోయి, సారు భార్య ముందర కూసుండి అడిగిన. అమ్మగారు టోపీ తెచ్చి ఇచ్చింది.

బస్సుల నాది జీరో టికెట్, ఆడోళ్లకు ఫ్రీ. సారు డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నరు, ఆడోళ్లతోని నిండిన బస్సును ఒకసారి కలెజూసిండ్రు. గోదావరిఖని దాకా ఆయనకు సీటు దొరకలే. అక్కడ దొరికింది, పక్కన శ్రీరాంపూర్‌కు డ్యూటీకి పోతున్న బొగ్గుబాయి కార్మికుడు.

"ఏం చేస్తరు సార్ మీరు?" అని అడిగిండు ఆయన.

"నవలలు రాస్త."

"అచ్ఛా. జీతమొస్తదా?"

"రాదు."

"పర్మనెంట్ చేస్తరేమో చూడండ్రి" అని ధైర్యం చెప్పి శ్రీరాంపూర్ల దిగిపోయిండు.

మంచిర్యాలల దిగేసరికి తొమ్మిది. బస్టాండ్ ఎదురుంగ ఇడ్లీ తిన్నం. బాగనే ఉండె, చట్నీ రెండోసారి అడిగితె మొకం చిట్లిస్తరు, అడగాలె. తొమ్మిదింబావుకు ఆసిఫాబాద్ బస్సు. బెల్లంపల్లి దాటినంక రెండు దిక్కుల పత్తి చేన్లు, తెల్లగ పగిలి ఉన్నయి. పదకొండుంబావుకు ఆసిఫాబాద్, అక్కడ్నుంచి పన్నెండుకు జైనూర్ బస్సు. కెరమెరి ఘాట్ ఎక్కుతుంటె బస్సు మూలుగుతది. కిటికీలకెళ్లి టేకు కొమ్మలు లోపలికొస్తయి, మోచేయి బయట పెట్టొద్దు.

సారు నవలల ప్రతి రెండో పేజీల పొగమంచు ఉంటది. నేను బయటికి చూసిన. ఎండ ఫెళ్లున కొడుతున్నది.

"సార్, పొగమంచు?"

"అప్పుడుండె."

మా ముందర సీట్ల ఒకామె ఒళ్లో కోడిని పెట్టుకొని కూసున్నది. ఏ ఊరికి అని అడిగింది. చెప్పిన. "నీలవేణి దుంకిన లొద్దికా? మా అక్కబిడ్డ డిగ్రీల చదివింది ఆ పుస్తకం. మస్తు ఏడ్చిందట" అన్నది. నేను సారు దిక్కు చూసిన, ఇప్పుడన్న సంబురపడ్తరని. సారు నల్లద్దాలు ఇంకింత పైకి నూక్కున్నరు.

జైనూర్ల దిగినంక ఆటో మాట్లాడుకున్నం. అరగంట మట్టిరోడ్డు. లొద్ది మూల మీద ఆటో ఆగినప్పుడు రెండుంబావు. కింద వాగు, మూడు దిక్కుల గుట్టలు, నడుమ చిన్న చిన్న జొన్న చేన్లు. నిజం చెప్పాలంటె బాగుంది. నవలల ఉన్నంత లేదు, కని ఉన్నది ఉన్నట్టు బాగుంది. మూల మీద ఒక చాయ్ కొట్టు, రేకుల కప్పు, రెండు బెంచీలు.

"నువ్వు దిగి చూసిరా. నా మోకాలు..." అన్నరు సారు. ఆటోలనే కూసున్నరు.

కొట్టుల ఒక పెద్దామె. అరవై దాటి ఉంటయి. పచ్చని గళ్ల చీర, ముంజేతుల దాకా పచ్చబొట్లు. చాయ్ పోసేటప్పుడు ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంకరగ ఉన్నట్టు కనవడ్డది. నన్ను పైకీ కిందికీ చూసి, "దుంకిన జాగ చూస్తవా?" అని అడిగింది. ఇంట్ల గోండి మాట్లాడుతదట, తెలుగుల నడుమ నడుమ మరాఠీ.

"ఆ పుస్తకం మళ్ల అచ్చు వేస్తుండ్రు, అందుకే వచ్చిన. అందరు గదే అడుగుతరా అవ్వా?"

"అందరు గదే. కాలేజోళ్లు, సారులు. ఫొటోలు దిగుతరు. రా."

రోడ్డు దాటి పది అడుగులు వేస్తె బండ. కింద వాగు తెల్లగ నురుగుతోని పారుతున్నది. "గీడికెళ్లి దుంకిందట. పాపం" అన్నది, రోజూ చెప్పే మాట లెక్క.

"ఆమె మీకు ఎరుకనా?"

"ఎరుక గాక? నేనే గదా."

నేను నవ్విన. ఆమె నవ్వలే. ఎడమ చెయ్యి లేపి చూపించింది.

నలభై ఏండ్ల కిందటి సంగతి ఆ బండ మీదనే నిలబడి చెప్పింది. పేరు సోంబాయి. అప్పుడు ఇరవై రెండేండ్లు, పెండ్లయి ఒక పిల్ల. వాన పడుతుంటె బర్లను తోలుకొని వస్తున్నది. పంతులు బండ మీద నిలబడి ఆకాశం దిక్కు చేతులు చాపి ఏదో పాట లెక్క గట్టిగ చదువుతుండు. కాలు జారింది. వాగుల పడ్డడు. ఈమె కిందికి ఉరికి, నడుం దాక నీళ్లల్ల దిగి, ఆయన జుట్టు పట్టి గుంజింది. అప్పుడు ఆయనకు భుజాల దాకా జుట్టుండెనట. గుంజుతుంటె ఎడమ చెయ్యి రెండు బండల నడుమ ఇరికి విరిగింది. ఊర్లనే ఎవరో కట్టు కట్టిండ్రు, వంకరగ అతుక్కున్నది. పంతులు మూడు రోజులు జరంతోని పడుకొని, సెలవు పెట్టి కరీంనగర్ పోయిండు. బదిలీ చేయించుకున్నడు. మళ్ల రాలే.

"రెండేండ్లకు ఒక దవాఖాన కాంపౌండర్ పుస్తకం తెచ్చి ఊరి నడుమ చదివిండు. మా ఊరి లొద్ది, మా ఊరి వాగు, బర్లోళ్ల కోడలు. ఎవరని అందరికి ఎరుకయింది. నేను పంతులు మీద మనసు పడ్డనట. నా మొగడు తాగి కొట్టిండట. నా మొగడు జంగు, పెండ్లిళ్లల్ల గూడ కల్లు ముట్టడు బిడ్డా. అంగట్ల మంది నవ్విండ్రు. ఆ వానకాలమంత జంగు నా చేతి బువ్వ తినలే."

"మరి ఎట్ల సల్లవడ్డడు?"

"నేనొక్కటే అడిగిన. నేను సచ్చిన్నా అని. లేదు అన్నడు. సచ్చుడు అబద్ధమైతె మిగిలింది ఎట్ల నిజమైతది అన్న. రెండు రోజులు ఆలోచన చేసిండు. మూడో రోజు వచ్చి కంచం ముందర కూసున్నడు." కొంగు సవరించుకొని, "జంగు పోయి మూడేండ్లయింది" అన్నది.

నేనెన్నో ఏండ్ల సంది నా తరగతుల పిల్లలకు ఆ చివరి అధ్యాయం చదివి వినిపిస్తున్న.

ఆటో దిక్కు చూసింది సోంబాయి. "అండ్ల ఎవరు?"

"మా సారు."

ఆమె కొద్దిసేపు చూసి, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచింది. "ఓ మాస్తర్! దిగు. ఇయ్యాల వాగు లోతు లేదు, భయపడకు."

సారు దిగిండ్రు. టోపీ తీసిండ్రు. అండ్ల దాచిపెట్టడానికి జుట్టు కూడ లేకుండె. నడుచుకుంట వచ్చి ఆమె ముందర నిలబడి, ఆ వంకర చెయ్యిని చూసిండ్రు. ఆ చెయ్యి గట్ల అయిందని ఆయనకు అప్పటిదాకా తెల్వదు.

"చెయ్యి ఇరిగిందా?" అన్నరు.

"నీ జుట్టు ఊడలే, నా చెయ్యి ఇరిగింది."

"సోంబాయ్, తప్పయింది."

"ఎందుకు రాసినవ్ గట్ల?"

సారు గొంతు సవరించుకున్నరు. తరగతిల సందేహం అడిగితె గట్లనే సవరించుకుంటరు. "నవలకు ఒక ముగింపు కావాలె. విషాదం లేకపోతె పాఠకుని మనసుల నిలవదు. చావు లేని కథ..."

"అయితె నువ్వే సావరాదు?"

నేను మొకం తిప్పుకున్న. నవ్వితె సారుకు కోపమొస్తది, నవ్వకుంటె నాకు దమ్మాడదు. సారు బెంచీ మీద కూలబడ్డరు. మెల్లగ అన్నరు, "ఒక ఆడమనిషి జుట్టు పట్టి గుంజి కాపాడిందని రాసుడు సిగ్గయింది. ఇరవై ఆరేండ్లు అప్పుడు. నన్ను చూసి ఎవరన్న దుంకిండ్రంటె బాగుంటదనిపించింది."

ఇన్నేండ్లల్ల సారు నోటికెళ్లి అంత చిన్న వాక్యాలు నేను వినలే.

సోంబాయి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తెచ్చి ఇద్దరి ముందర పెట్టింది. "తిను. తిన్నంక రాయి" అన్నది.

"ఏం రాయాలె?"

"అయింది అయినట్టు. మళ్ల అచ్చు వేస్తుండ్రంటివి గదా బిడ్డా? అండ్ల పెట్టుండ్రి."

నేను ముందుమాట కోసం తెచ్చుకున్న తెల్లకాయిదాలు ఇచ్చిన. సారు గంటసేపు రాసిండ్రు. ఆటో ఆయన రెండుసార్లు హారన్ కొట్టి, తర్వాత ఆయన కూడ వచ్చి బెంచీ మీద కూసున్నడు. రాసింది సారు పైకి చదివిండ్రు. "పొగమంచు కమ్మిన ఆ సాయంత్రం..."

"పొగమంచు ఏడున్నది? వాన పడుతుండె."

కొట్టేసిండ్రు. "నీలవేణి చెయ్యి అందించింది..."

"నీలవేణి ఎవరు? చెయ్యి అందిస్తె వస్తివా నువ్వు? జుట్టు పట్టి గుంజింది అని రాయి."

రాసిండ్రు. బర్లు రెండు కాదు, మూడు అన్నది. ఆఖరుకు, "మా జంగు పేరు రాయి. తాగలే, కొట్టలే అని రాయి. అంగట్ల నవ్వినోళ్లల్ల బతికున్నోళ్లు ఇంక ఇద్దరున్నరు, వాళ్ల మనుమలు చదువుతరు." సారు రాసి, మళ్ల చదివి వినిపించిండ్రు. ఆమె కండ్లు మూసుకొని విన్నది. అయినంక చీర కొంగుతోని మొకం తుడుచుకొని, పొయ్యి దగ్గరికి పోయింది. చాయ్‌కు పైసలు ఇస్తె నా దగ్గర తీసుకున్నది, సారు దగ్గర తీసుకోలే. సారు అది మర్యాద అనుకున్నరో కోపం అనుకున్నరో నాకు చెప్పలే.

ఐదు గంటల బస్సు జైనూర్ల అందుకొని, చీకటి పడ్డంక ఆసిఫాబాద్ చేరినం. బస్టాండు దగ్గరి లాడ్జిల రెండు రూములు. శుభ్రమే, గీజర్ ఉన్నదన్నరు, ఉన్నది, పనిచేయదు.

తెల్లారి ఏడున్నరకు తిరుగు బస్సు. బెల్లంపల్లి దగ్గర సారు ఫోన్ తీసి హైదరాబాద్ ప్రచురణకర్తకు కలిపిండ్రు. నాకు ఒక్క దిక్కు మాటలే వినవడ్డయి. "మూడు పేజీలుంటది... లేదు, నవలల ఒక్క అక్షరం మార్చను. ఎట్ల అబద్ధం చెప్పిన్నో గట్లనే ఉండాలె... అనుబంధమా? వద్దు. చివర పెడితె ఎవరు చదువుతరు? మొట్టమొదట పెట్టు... అమ్ముడుపోకపోతె పోనియ్యి, ఎనిమిది నవలలు పోలే, అలవాటే." ఫోన్ పెట్టేసి నా దిక్కు తిరిగి, "నీ ముందుమాటకు జాగ లేదంటుండు నస్రీన్" అన్నరు.

రెండు సెలవులు పోయి, నడుం పట్టేసి, గీజర్ పనిచేయని రూముల చన్నీళ్ల స్నానం చేసి వచ్చినదాన్ని. కోపమొచ్చింది. కని ఆ మూడు పేజీలు నేను విన్న. సారు రాసిన పదకొండు నవలల్ల గంత మంచి పేజీలు లేవు. ఆ మాట ఆయనకు వెంటనే చెప్పలే. మంచిర్యాల దాటినంక, గోదావరి వంతెన మీద చెప్పిన. సారు తల ఊపి, కిటికీ దిక్కు తిరిగిండ్రు. కరీంనగర్ వచ్చేదాకా అటే చూసుకుంట కూసున్నరు.

పోవాలనుకునేటోళ్లకు ఒక్క మాట. దసరా నుంచి సంకురాత్రి దాకా మంచి కాలం. ఆసిఫాబాద్ల పన్నెండు గంటల బస్సు తప్పితె తర్వాతి దానికి చాలసేపు కూసోవాలె. మూల మీద చాయ్ తాగుండ్రి, జొన్నరొట్టె ఉన్నదా అడుగుండ్రి. దుంకిన జాగ చూపించుమని అడిగితె ఆమె ఇప్పటికీ చూపిస్తది, కొట్టు నడవాలె గదా. గుంజిన జాగ చూపించుమని అడుగుండ్రి. అదే బండ, అదే వాగు. కని ఆమె కిందికి దిగి, నీళ్ల దాకా మీతోని వస్తది.