ప్రార్థన తగలని బియ్యం

మతం మీద నా అభిప్రాయం మారలేదని ముందే చెబుతున్నాను. ఆకలిగొన్న మనిషికి అన్నం చూపించి తల వంచమనడం ఏ దేవుడి పేరుతో చేసినా నీచమే. ఈ మాట సూర్యాపేటలో చెప్పాను. మిర్యాలగూడలో చెప్పి రెండు మతాలవాళ్ల చేతా తిట్లు తిన్నాను. కోదాడలో మా అక్క వడ్డించిన అన్నం తింటూ కూడా చెప్పాను. ఆమె బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి మా ఇద్దరికీ అదే వాదం. "తిన్నాక తిట్టు తమ్మీ, పులుసు చల్లారుతది" అనేది.

అక్క రోజూ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, స్టీలు డబ్బాలో వేస్తుంది. వాళ్ల చర్చిలో ఆడవాళ్లంతా అలాగే చేస్తారు. ఆ బియ్యం ఆదివారం చర్చికి చేరి, అక్కడి నుంచి లేనివాళ్ల ఇళ్లకు పోతుంది. పెట్టే చెయ్యి మంచిదే, మధ్యలో ఆ కళ్లు మూసుకోవడం దేనికని చాలాసార్లు అడిగాను.

ఒక వానాకాలం నేను కోదాడ వెళ్లిన రాత్రే వాగు పొంగింది. రోడ్డు మీదికి నీళ్లు రావడంతో సూర్యాపేట బస్సులు ఆగిపోయాయి. పొద్దెక్కేసరికి వాగు పక్క గుడిసెలవాళ్లను ట్రాక్టర్ల మీద తెచ్చి చర్చిలో దించారు. ఆడవాళ్లు పిడికెడు బియ్యం బస్తా విప్పి పొయ్యి వెలిగించారు. అక్క వెంట నేనూ వెళ్లాను. సాయానికే కాదు, వాళ్లేం చేస్తారో చూడటానికి కూడా.

గోడవారన గొర్రెలు కాసుకునే కుటుంబం ఒకటి కూర్చుంది. ముసలి అత్త, కోడలు, కోడలి ఒళ్లో పసిబిడ్డ. కొడుకు గొర్రెలతో గట్టు మీదే ఉండిపోయాడట. ముందురోజు నుంచి కోడలి నోట్లో మెతుకు పడలేదు. బిడ్డ రొమ్ము పట్టి లాగుతున్నాడు, పాలు రాక వదిలేసి ఏడుస్తున్నాడు. ఏడ్చేకొద్దీ గొంతు సన్నబడుతోంది.

అన్నం ఉడికింది, విస్తళ్లు వేశారు. అందరూ అయ్యగారని పిలిచే పాస్టరు ప్రార్థన చేసుకుందామంటూ చేతులెత్తాడు. నేను అడ్డం వెళ్లాను. వీళ్లు వరదకు వచ్చారు గానీ మీ కూడికకు రాలేదన్నాను. భోజనానికి ముందు స్తోత్రం చెప్పడం తమ పద్ధతనీ, ఎవరినీ కళ్లు మూసుకోమనడం లేదనీ ఆయన అన్నాడు. నా గొంతు లేచింది. ఆయన గొంతూ లేచింది. విస్తళ్లలో అన్నం చల్లారుతోంది.

అక్క గరిటె చేత పట్టుకునే మధ్యలోకి వచ్చింది.

"అయ్యగారూ, ఈ బియ్యానికి మళ్ల ప్రార్థనెందుకు? పిడికెడు పిడికెడుకూ చేసే వేసినం గదా."

ఆయన చేతులు దించాడు. వాదం గెలిచాననుకున్నాను. కానీ ఆ మాట ముసలామె చెవినా పడింది.

"పార్తన జేసిన బియ్యమా?" అని కోడలి ముందున్న విస్తరిని అవతలికి జరిపింది. "మేం తినం. మతంల కలిసిండ్రని మా కులపోల్లు వెలేస్తే గీ పిల్లగాని గతేంది? రేపు నన్ను మోసేటోడెవ్వడు?"

కోడలు విస్తరివైపే చూస్తోంది. అత్తను కాదని చెయ్యి చాపే ధైర్యం లేదు.

నేను ముసలామె ముందు కూలబడి బియ్యం బియ్యమేనని, మాటలు మెతుకులకు అంటుకోవని ఎన్నో విధాల చెప్పాను. "నిన్ను వెలేసేటోల్లు లేరు బిడ్డా, నువ్వు ఎన్నన్న చెప్తవ్" అంది. బిడ్డ ఏడుపు మానేసి నోరు తెరిచి ఊరికే చూస్తున్నాడు. అక్కను పక్కకు లాగి, ఇవి కొట్టు బియ్యమని చెప్పెయ్, ఒక్క అబద్ధంతో పోయేదేముందన్నాను.

"అన్నంల అబద్ధం కలిపి పెట్ట. రేపు తెలిస్తే ఆమె ఏమైతది?" అంది అక్క. "ఇంటికి పో. వంటింట్ల కుట్టిప్పని బియ్యం సంచి ఉంది. దాంట్లకెల్లి ఎవ్వరం పిడికెడు తియ్యలే, ప్రార్థన చెయ్యలే. అది పట్టుకరా."

ఇంట్లో ఉన్నది ఆ ఒక్క సంచే. నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడుస్తుంటే మోరీ కాలువ దగ్గర కాలు జారి పడబోయాను. చర్చి దగ్గరపడుతున్నా ఏడుపు వినబడలేదు. లోపలికి వెళ్లి, తల్లి భుజం మీద బిడ్డ కదలడం చూశాకగాని ఊపిరి తీసుకోలేదు.

ముసలామె సంచి కుట్లు వేళ్లతో తడిమి చూసుకుంది. చర్చి గిన్నె వద్దని, ట్రాక్టరువాళ్ల గిన్నె అడిగి తీసుకుని, వరండాలో తానే ఎసరు పెట్టింది. జల్లు పొయ్యి మీదికి కొడుతుంటే అయ్యగారు టార్పాలిన్ పట్ట అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

అన్నం విస్తట్లో పెట్టి ఆమె కళ్లు మూసుకుంది. "మల్లన్నా" అని పైకే మొదలుపెట్టింది. అయ్యగారు ఏదో అనబోయాడు. నేనూ నోరు తెరవబోయాను. అక్క మా ఇద్దరినీ ఒక చూపు చూసింది. ఆయన పట్ట వదలలేదు. నేను నోరు మూసుకున్నాను.

మొక్కు సాగుతూనే ఉంది. గొర్రెలు, గట్టు మీది కొడుకు, మునిగిన గుడిసె, అన్నీ చెప్పుకుంటోంది. కోడలు అది అయ్యేదాకా ఆగలేదు. కాలే అన్నం ముద్ద చేసి మింగింది, మళ్లీ ఒకటి మింగింది. అత్త ఒక కన్ను తెరిచి చూసి, చూడనట్టే మూసుకుని, మొక్కును ఇంకొంచెం పొడిగించింది.